పని దిగే ముందు ఐదు నిమిషాలు
రాయదుర్గంలో మెట్రో ఎక్కి నాగోలులో దిగేదాకా ఆఫీసు పనే మనసులో తిరుగుతూ ఉంటే, సీటు వదిలే ముందు ఐదు నిమిషాలు కేటాయించి, మిగిలిపోయిన పనులను కాగితంపై రాసి సొరుగులో ఉంచి రండి. ‘రిపోర్టు సంగతి’ అని కాక, ‘పది గంటలకు రిపోర్టు మూడో పేజీ సరిచూడాలి’ అన్నంత స్పష్టంగా రాయాలి. పూర్తికాని పనులే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే ప్రతిపాదించారు. తరువాతి అడుగు ఖరారైతే మనసు వాటిని కొంత విడిచిపెడుతుంది. ఫోనులో మాత్రం రాయకండి, అది ఇంటిదాకా వెంట వస్తుంది. ఆసుపత్రి షిఫ్టుల్లో ఉన్నవారు రోగి వివరాలను కాగితంపై కాక, తరువాతి డ్యూటీవారికే అప్పగించాలి. ఇంత చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.