అంబాసిడర్‌కి పెట్రోల్ పంప్ మారుస్తున్నారా, కొనే ముందు ఇవి చూడండి

బండి సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడితే గానీ అందుకోవట్లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగిపోతోంది అనగానే పంప్ పోయిందని తేల్చేయకండి. కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి, కాయిల్ వైరు పీకేసి, ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి (బీడీ తాగేవాళ్లని ముందు అక్కణ్ణుంచి పంపేయండి). పెట్రోల్ ఆగి ఆగి గట్టిగా చిమ్మితే పంప్ బానే ఉంది, కార్బురేటరో కరెంటు సైడో చూసుకోవాలి. సన్నగా కారినా సరే ముందు ఫిల్టరు, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు చూడండి, అది పగిలి గాలి లాగుతుంటే కొత్త పంప్ వేసినా అదే కథ. ఇంజన్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీస్తే పెట్రోల్ వాసన కొడుతోందంటే మాత్రం డయాఫ్రమ్ (పంప్ లోపలి రబ్బరు పొర) చిరిగి ఉండొచ్చు, ఇక బండి నడపొద్దు, పంప్‌తో పాటు ఇంజన్ ఆయిలూ మార్చాల్సిందే.

షాపులో ఊరికే అంబాసిడర్ పంప్ అంటే చాలదు. 1489 సీసీ పాత ఇంజనా, 1.8 ఇసుజూనా చెప్పాలి, రెండూ వేరు, డీజిల్‌ది అసలు సంబంధమే లేదు. అన్నిటికన్నా సులువు పాత పంప్ విప్పి చేత్తో పట్టుకెళ్లడం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి లివర్ (ఇంజన్ లోపలి క్యామ్ తోస్తే పంప్‌ని ఆడించే చెయ్యి) పొడవు, దాని వంపు, బోల్టు రంధ్రాలు, పెట్రోల్ లోపలికీ బయటికీ వెళ్లే గొట్టాలు ఎటు తిరిగున్నాయో చూడండి. లివర్ కాస్త తేడా ఉన్నా "సెట్ అయిపోద్ది సార్" అంటారు, వినొద్దు, పొట్టిదైతే పెట్రోల్ చాలదు, పొడుగైతే క్యామ్‌ని తింటుంది. లోపలికొచ్చే గొట్టానికి వేలు అడ్డం పెట్టి లివర్ నొక్కి వదిలితే వేలిని లాగి పట్టాలి, పట్టకపోతే వెనక్కిచ్చేయండి. పంప్‌కీ ఇంజన్‌కీ మధ్య వేసే ప్యాకింగ్ కూడా పాతది ఎంత మందముందో అంతే వేయాలి, మందం పెరిగితే లివర్‌కి అందే తోపు తగ్గిపోతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోల్ కాబట్టి ఏళ్ల తరబడి ర్యాకులో పడున్న ఒరిజినల్ సరుకు దొరికిందని సంబరపడకండి, ఆ పాత రబ్బరు దీనికి తట్టుకోదు, ఇథనాల్‌కి పనికొచ్చే డయాఫ్రమా అని అడిగి తీసుకోండి.

ఎలక్ట్రిక్ పంప్ పెట్టించేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. పెట్టొచ్చు, కానీ కార్బురేటర్ బండికి 2 నుంచి 4 పీఎస్‌ఐ ప్రెషర్ ఉంటే చాలు, ఇంజెక్షన్ కార్లది తెచ్చి పెడితే కార్బురేటర్‌లో పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ ఆపలేక వేడి ఇంజన్ మీదికి పెట్రోల్ పొంగుతుంది. ఇంజన్ ఆగితే పంప్ కూడా ఆగేలా స్విచ్ లేకుండా అస్సలు వద్దు.

కొత్తది బిగించాక పాతది పడేయకండి, స్క్రూలతో విప్పే రకమైతే రిపేర్ కిట్ వేయించి డిక్కీలో పడేసుకోవచ్చు.