ప్రోస్టేట్ క్యాన్సర్: రేడియేషన్‌తో పాటు ల్యుటీషియం ఇచ్చే ట్రయల్‌కు ఒప్పుకునే ముందు

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోనో లింఫు గడ్డల్లోనో రెండు మూడు చోట్లకే పాకితే, ఆ చోట్లకు గురిపెట్టి, కొద్ది సిట్టింగుల్లోనే ఎక్కువ డోసు పడే ఎస్‌బీఆర్‌టీ రేడియేషన్ ఇస్తారు. స్కానుకు చిక్కని కణాలు మిగిలిపోయి, కొన్ని నెలలకు మరోచోట తేలవచ్చు. ఆ కణాలపై ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌ను వెతుక్కుంటూ వెళ్లి అంటుకునే రేడియోధార్మిక ఇంజెక్షన్ మందు ల్యుటీషియం-177 పీఎస్‌ఎంఏ. రెండూ కలిపి ఇచ్చే ట్రయల్స్ అందుకే జరుగుతున్నాయి.

అమెరికాలో జరిగిన లూనార్ ట్రయల్‌లో ఎస్‌బీఆర్‌టీ ఒక్కటే తీసుకున్నవారిలో జబ్బు ముదరకుండా నిలిచిన మధ్యస్థ కాలం 7.4 నెలలు. ముందు రెండు డోసుల ల్యుటీషియం మందు కూడా తీసుకున్నవారిలో అది 17.6 నెలలు. అందులో ఉన్నది 92 మందే. అదే ఎస్‌బీఆర్‌టీకి రేడియం-223 అనే మరో రేడియోధార్మిక మందు జోడించిన రేవెన్స్ ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి 'ఐసోటోప్ వైద్యం' అనగానే సరే అనకండి, మందు పేరు అడగండి.

శ్రీకాకుళం జిల్లావాళ్లు, ముఖ్యంగా ఉద్దానంవాళ్లు, మొదట చూడాల్సింది కిడ్నీ. ల్యుటీషియం మందు ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఏ బాధా లేకుండానే క్రియాటినిన్ పెరిగి ఉండవచ్చు. విశాఖ ప్రయాణం పెట్టుకోకముందే ఇక్కడే క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తోందో చెప్పే అంకె), మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. పాత రిపోర్టులుంటే తేదీల వరుసలో పెట్టండి. ఒక్క అంకె కన్నా అది ఎటు నడుస్తోందో డాక్టరుకు ముఖ్యం. అల్ట్రాసౌండ్ కూడా తీయించండి. ప్రోస్టేట్ ఒత్తిడికి మూత్రం అడ్డుపడి కిడ్నీ ఉబ్బి ఉంటే, రేడియోధార్మిక మూత్రం అక్కడే నిలుస్తుంది. ముందు ఆ అడ్డు తీయాలి. నడుం నొప్పికి షాపులో కొనే డైక్లోఫెనాక్ మాత్రలు కిడ్నీకి మరింత చేటు. వాటి సంగతి దాచకుండా చెప్పండి.

ఇక రక్తం. ఇదే రకం మందుపై జరిగిన పెద్ద ట్రయల్ విజన్‌లో హిమోగ్లోబిన్ కనీసం 9, ప్లేట్‌లెట్లు కనీసం లక్ష ఉంటేనే చేర్చుకున్నారు. గతంలో వెన్నుకో కటికో రేడియేషన్ పడితే అక్కడి మూలుగ ముందే దెబ్బతిని ఉండవచ్చు. ఆపైన ల్యుటీషియం పడితే రక్తకణాల సంఖ్య పడిపోవచ్చు. అందుకే పాత ఆసుపత్రి నుంచి 'ట్రీట్‌మెంట్ సమ్మరీ' తప్పక తెచ్చుకోండి. అందులో మూడు ఉండాలి: ఏ భాగానికి ఇచ్చారు, మొత్తం ఎన్ని గ్రే (రేడియేషన్ డోసు కొలత), ఎన్ని సిట్టింగులు. చాలామంది ఫిల్ములు భద్రంగా దాచి, రేడియేషన్ ప్లాన్ ఉన్న సీడీ పారేస్తారు. నిజానికి డోసు కలిపి లెక్కకట్టేవాళ్లకు కావాల్సింది ఆ సీడీయే.

సంతకానికి ముందు ట్రయల్ సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు అడిగి, ఆ వెబ్‌సైట్‌లో సరిచూడండి. సమ్మతి పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఇంటికి తెచ్చి చదవండి. మందు, స్కాన్లు ఎవరి ఖర్చు? మందు ఇచ్చే గ్రూపో, ఇవ్వని గ్రూపో కంప్యూటరే లాటరీలా తేలుస్తుందా? ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. పత్రంలో ఆ మాట ఉందో లేదో చూడండి. మధ్యలో మానేసే హక్కు మీదే.

ఇంజెక్షన్ రోజున వెనక్కి రద్దీ ఆర్టీసీ బస్సులో రాకండి. కారు మాట్లాడుకుని వెనక సీట్లో, డ్రైవరుకు దూరంగా కూర్చోబెట్టండి. ల్యుటీషియం సగానికి తగ్గడానికి ఆరున్నర రోజులకు పైగా పడుతుంది. ఆసుపత్రివాళ్లు వేరేలా చెప్పకపోతే ఇంట్లోవాళ్లు రెండు రోజులు మీటరు దూరంలో ఉండాలి. పిల్లలు, గర్భిణులు ఏడు రోజులు. పడక మూడు రోజులు వేరుగా. పిల్లలతో అయితే ఏడు, గర్భిణులతో అయితే పదిహేను రోజులు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఆ వారం కుదరదని ముందే ఇంట్లో చెప్పండి. నీళ్లు బాగా తాగించండి. మూత్రం పెరట్లోనో మట్టిలోనో కాకుండా మరుగుదొడ్డిలోనే, కూర్చునే పోయాలి. రెండుసార్లు నీళ్లు కొట్టాలి. కెథెటర్ సంచి ఖాళీ చేసేవారికి చేతి తొడుగులు కావాలి.

నోరు ఎండిపోవడం మామూలే. అన్నం పలచగా, పులుసులతో పెట్టండి. జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్లలో హఠాత్తుగా బలం తగ్గడం మాత్రం తెల్లవారేదాకా ఆగే విషయాలు కావు. దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లి, ఇంజెక్షన్ తేదీ ఉన్న డిశ్చార్జ్ కార్డు ముందుగా చూపించండి.