పాత బైకు హెడ్‌లైట్ వెలగకపోతే ఎక్కడి నుంచి వెతకాలి?

పాత మోటార్‌సైకిల్‌కు హెడ్‌లైట్ సరిగా రావడం లేదనగానే చాలామంది ముందు బల్బు కొంటారు, తర్వాత బ్యాటరీ మారుస్తారు, ఆఖరికి వైరింగ్ మొత్తం కొత్తది వేయిస్తారు. నేను చూసినంతలో లోపం ఈ వస్తువుల్లో కన్నా వాటిని కలిపే చోట్ల, అంటే కప్లర్లలోనూ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు), ఎర్త్ వైరులోనూ (కరెంటును ఫ్రేము, ఇంజిన్ ద్వారా తిరిగి పంపే వైరు) ఎక్కువగా ఉంటుంది. 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ పాత మోడల్‌ను ఉదాహరణగా తీసుకుని, దీన్ని వరుసగా ఎలా పట్టుకోవాలో వివరిస్తాను.

ముందుగా ఒక విషయం తెలియాలి. ఈ బండిలో హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు బ్యాటరీ కరెంటుతో పనిచేస్తే, హెడ్‌లైట్ మాత్రం ఇంజిన్‌లోని మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటుతో వెలుగుతుంది. అందువల్ల ఇంజిన్ ఆపగానే ఆరిపోవడం, స్లోలో మసకబారి రేజ్ చేస్తే పుంజుకోవడం దాని స్వభావమే తప్ప లోపం కాదు. స్పార్క్‌కు కూడా వేరే కాయిల్ ఉంది కనుక బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా కిక్ కొడితే బండి స్టార్ట్ అవుతుంది. స్టార్ట్ అయింది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవడం పొరపాటు.

1. ఏ వైపు లోపమో తేల్చుకోండి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్ చేసి హారన్ కొట్టండి, ఇండికేటర్ వేయండి. రెండూ పలకకపోతే ముందు ఫ్యూజు, తర్వాత బ్యాటరీ చూడాలి. రెండూ పనిచేసి హెడ్‌లైట్ ఒక్కటే రాకపోతే లోపం కాయిల్ వైపు దారిలో ఉన్నట్టు. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ మల్టీమీటరుపై (వోల్టులు కొలిచే మీటరు) 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కు తగ్గితే అది దాదాపు ఖాళీ అయినట్టే. ఇంజిన్‌ను ఓ మోస్తరుగా రేజ్ చేసినప్పుడు బ్యాటరీ వోల్టేజి 13.5కు పైన, 14.5 లోపల ఉంటే చార్జింగ్ బాగున్నట్టు.

2. డూమ్ (హెడ్‌లైట్ గిన్నె) విప్పి బల్బు హోల్డర్ చూడండి. హై, డిమ్ రెండింటిలో ఒకటే వెలుగుతుంటే ఫిలమెంటు తెగి ఉండాలి, లేదా డిమ్మర్ స్విచ్‌లో మట్టి చేరి ఉండాలి. రెండూ వెలగకపోతే హోల్డర్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. రేకుల మీద పచ్చటి చిలుము, ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉబ్బిన గుర్తు కనిపిస్తే కొత్త బల్బు వేసినా కొద్దిరోజులకే మళ్లీ అదే గతి. ఇలా మాడిన హోల్డర్ ఉన్న బండిలో తరచుగా ఎవరో 60/55 వాట్ల (హై/డిమ్) బల్బు వేసి ఉంటారు. కాయిల్ ఇవ్వగలిగింది 35/35 వాట్ల బల్బుకు సరిపడా మాత్రమే కాబట్టి పెద్ద బల్బుతో వెలుగు పెరగదు సరికదా తగ్గుతుంది.

3. ఎర్త్ పరీక్షించండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చిన మెట్టు ఇదే. ఈ బండిలో ఆకుపచ్చ వైరు ఎర్త్. ఒక మీటరు పొడవున్న వైరు తీసుకుని, ఒక కొసను హోల్డర్‌లోని ఆకుపచ్చ వైరుకు, మరో కొసను ఇంజిన్‌పై రంగు లేని బోల్టుకు ఆనించి, ఇంజిన్ నడుస్తుండగా చూడండి. వెలుగు ఒక్కసారిగా పెరిగితే దోషం ఎర్త్‌దే. అప్పుడు ఫ్రేముకు బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు, పెయింటు గరుకు కాగితంతో గీకి, మళ్లీ గట్టిగా బిగించాలి.

4. హ్యాండిల్ తిప్పుతూ చూడండి. నా బండికి ఎడమకు మలుపు తిరిగినప్పుడే లైటు ఆరిపోయేది. రెండు బల్బులు మార్చాక గాని తెలియలేదు, హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర వైర్ల కట్ట ఫ్రేముకు రాసుకుని, తొడుగు లోపల ఒక వైరు రెండు మూడు పోగుల మీద వేలాడుతోందని. లైటు వేసి, హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా తిప్పితే ఇలాంటిది నిమిషంలో బయటపడుతుంది. అతుకు వేశాక హ్యాండిల్ పూర్తిగా తిరిగేంత వదులు ఉంచి కట్టాలి.

5. బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే రెగ్యులేటర్‌ను (కాయిల్ వోల్టేజి మితిమీరకుండా ఆపే పెట్టె) అనుమానించాలి. అయితే కొత్తది కొనేముందు దాని ఆకుపచ్చ వైరు బిగువుగా ఉందో లేదో చూడండి. ఆ ఎర్త్ వదులైనా వోల్టేజి అదుపు తప్పుతుంది.

6. ఫ్యూజు పదే పదే పోతుంటే అంతకన్నా పెద్ద ఫ్యూజు గాని, సిగరెట్ పెట్టె రేకు గాని పెట్టకూడదు, వైరింగే కాలిపోతుంది. ఫ్యూజు తీసి ఆ రెండు కొసల మధ్య ఒక 12 వోల్టుల బ్రేక్ లైటు బల్బును కలిపి, తాళం ఆన్ చేయండి. బ్రేక్, హారన్, ఇండికేటర్లు తాకకుండానే బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, అంటే వైరు ఎక్కడో నేరుగా ఎర్త్‌కు తగులుతున్నట్టు. ఒక్కొక్క కప్లరే ఊడదీస్తూ పోతే, దేన్ని తీసినప్పుడు ఆ వెలుగు తగ్గుతుందో షార్ట్ ఆ దారిలోనే ఉంది.

ఇవన్నీ సరిగానే ఉండి, రేజ్ చేసినా కాయిల్ నుంచి వచ్చే పసుపు వైరులో మీటరు ఏసీ వోల్టేజి చూపకపోతే కాయిల్ పోయినట్టే. మాగ్నెట్ ఊడదీయడానికి పుల్లర్ కావాలి. సుత్తితో కొడితే క్రాంక్ కొస దెబ్బతింటుంది కనుక ఆ ఒక్క పనీ మెకానిక్ చేతికి ఇవ్వండి.