కొత్త బండి గీత పడకుండా ఒంగోలు నుంచి పొదిలి దాకా తెచ్చుకోవాలంటే

మాది పొదిలిలో చిన్న సబ్ డీలర్ షాపు, టూ వీలర్ బండ్లన్నీ ఒంగోలు మెయిన్ షోరూం నుంచి టాటా ఏస్‌లో చీమకుర్తి మీదుగా తెచ్చుకుంటాం. కంపెనీ నుంచి కంటైనర్ లారీలో వందల కిలోమీటర్లు వచ్చిన బండికి చాలాసార్లు ఏమీ కాదు, మేం చూసిన గీతలూ సొట్టలూ ఎక్కువ ఈ ఆఖరి యాభై కిలోమీటర్లలో పడ్డవే, అందుకే ఇది రాస్తున్నా.

మొదట్లో మేమూ నైలాన్ తాడు సీటు మీదుగా ట్యాంకు మీదుగా లాగి బిగించేవాళ్ళం. ఒకసారి నల్ల బండి ట్యాంకు మీద ఆ తాడు దారంతా రాసుకుని రాసుకుని పెయింటు తెల్లగా లేచిపోయింది, కొనేది పాలు పోసుకునే పెద్దాయన, కొడుక్కి కొంటున్నాడు, ఒక్క మాట అనలా, ఆ గీత మీద వేలితో రుద్ది చూసుకున్నాడు అంతే. ట్యాంకు మార్చి ఇచ్చాం కానీ నాకు చాలా రోజులు నిద్ర పట్టలా.

ముందు ఒంగోల్లోనే, బండి అప్పగించే డెలివరీ చలాన్ మీద సంతకం పెట్టకముందే, బండిని ఎండలోకి తీసి చుట్టూ చూడండి, షెడ్డు నీడలో గీతలు కనపడవు. ఛాసిస్ నంబర్ కాగితంతో కలవాలి, అద్దాలు, టూల్ కిట్, రెండు తాళాలు ఉండాలి. ఏదన్నా తేడా ఉంటే ఫోన్లో ఫోటో తీసి ఆ చలాన్ మీదే రాయించాలి, ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే మీ దారిలోనే అయిందంటారు, వాళ్ళ తప్పూ కాదు అది.

ఎక్కించేటప్పుడు టాటా ఏస్‌ని ఏదన్నా గట్టుకి వెనక్కి ఆనించండి, బండి ఎక్కించే చెక్క వాలు తగ్గుద్ది. స్ప్లెండర్ లాంటిదే 112 కేజీలు, బుల్లెట్ అయితే 190 దాటుద్ది, కాబట్టి ముగ్గురు కావాలి, ఇద్దరు చాలు అనుకున్న రోజే బండి పక్కకి పడుద్ది. అద్దాలు ముందే విప్పి గుడ్డలో చుట్టి క్యాబిన్లో పెట్టుకోండి.

ఇక కట్టడం, అసలు పని ఇదే. స్టాండ్ మీద నిలబెట్టి కట్టొద్దు, గుంతలో ఎగిరినప్పుడు బరువంతా స్టాండ్ మీద పడి వంగుద్ది. రెండు చక్రాల మీదే నిలబెట్టి, ముందు చక్రం క్యాబిన్ వైపు గోడకి ఆనించి, మధ్యలో పాత టైరు ముక్క పెట్టి, గేర్ ఉన్న బండిని ఫస్ట్ గేర్లో ఉంచి, హ్యాండిల్ కింద ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీలు, రెంటినీ పట్టి ఉంచే ఇనుప భాగానికి రాట్చెట్ బెల్టులు (పిడి ఆడిస్తే బిగుసుకునేవి) వేసి కుడికీ ఎడమకీ లాగాలి. హ్యాండిల్ చివర్లకీ ఇండికేటర్లకీ అస్సలు వెయ్యొద్దు. ముందు షాకబ్జార్బర్లు సగం దిగేదాకా బిగించండి చాలు, పూర్తిగా అణిచేస్తే ఆయిల్ సీల్ మీద ఒత్తిడి పడి తర్వాత ఆయిల్ కారుద్ది. వెనక ఇంకో రెండు బెల్టులు. బెల్టు పెయింటుకి తగిలే ప్రతిచోటా మెత్తటి దుప్పటి గుడ్డ పెట్టాలి, ఇసక లేకుండా దులిపి పెట్టాలి, ఇసక ఉన్న గుడ్డ ఉప్పుకాగితంతో సమానం. రెండు బండ్లయితే మధ్యలో జానెడు ఖాళీ వదలండి.

బయల్దేరాక ఓ పది కిలోమీటర్లకి ఆగి బెల్టులు మళ్ళీ చూడాలి, మొదటి కుదుపులకి కచ్చితంగా వదులవుతాయి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ రాళ్ళ లారీల వెనకాలే అంటుకుని పోవద్దన్నా, అవి సడన్‌గా ఆగితే మనం బ్రేక్ కొట్టాలి, ఆ ఊపుకి వెనక బండ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

దించేటప్పుడు పాత లారీ టైరు కింద వేసి దాని మీదకి దూకిస్తారు కొందరు, రిమ్ములు వంకర పోతాయి, వద్దు, ఎక్కించిన చెక్కతోనే దించండి. షాపుకి రాగానే ప్లాస్టిక్ కవర్లు తీసెయ్యండి, మన ఎండలకి ఆ జిగురు పెయింటుకి అతుక్కుపోద్ది.

డెలివరీ రోజు పూజ సంగతి కూడా. శనివారం మాలకొండ నరసింహస్వామి గుడికి తీసుకెళ్తామంటే సంతోషంగా పంపండి, కానీ దండకి ఇనప తీగ ఉంటే విప్పి నూలు దారంతో కట్టించండి, పసుపు తెల్ల ప్లాస్టిక్ మీద ఉంటే సాయంత్రంలోపు కడగమనండి, కర్పూరం ట్యాంకు మీద కాకుండా నేల మీద వెలిగించమనండి, కొబ్బరికాయ రిమ్ముకి కాకుండా పక్కన రాయి మీద కొట్టమనండి.