మోబీ కోడ్‌లో చిన్న లోపాన్ని సరిచేసి పంపడం ఎలా?

ప్రోగ్రాములను కంటైనర్లలో (వేరువేరు గదుల్లాంటి పరిసరాల్లో) నడిపే డాకర్ ఇంజిన్‌కు మూలమైన మోబీ కోడ్ గో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటుంది. అయినా మీ కంప్యూటర్‌లో గో ఉండనక్కరలేదు, డాకర్, గిట్, మేక్ ఉంటే చాలు. రిపాజిటరీని (కోడ్ భండారాన్ని) ఫోర్క్ చేసి, అంటే మీ ఖాతాలోకి నకలు తీసుకుని, ప్రధాన శాఖ అయిన మాస్టర్ నుంచి కొత్త బ్రాంచి తీసి, ఆ ఫోల్డర్‌లో ‘మేక్ షెల్’ (make shell) అని ఇస్తే, బిల్డుకు కావలసిన సరంజామా అంతా ఉన్న కంటైనర్ తెరుచుకుంటుంది. ఇంజిన్‌ను దాని కడుపులోనే కట్టడం మొదట్లో వింతగా అనిపించక మానదు.

సవరణ కన్నా ముందు టెస్టు రాయడం మేలు. ఉదాహరణకు, వినియోగదారు ఒక సెట్టింగును ఇవ్వనప్పుడు పాయింటర్ నిల్‌గా (దేన్నీ సూచించకుండా ఖాళీగా) మిగిలి, నేపథ్యంలో నడిచే ఇంజిన్ ప్రోగ్రామైన డీమన్ ప్యానిక్ అవుతోందనుకుంటే, అంటే హఠాత్తుగా ఆగిపోతోందనుకుంటే, అదే ఖాళీ సెట్టింగుతో రాసిన టెస్టు పాత కోడ్‌పై ఫెయిల్ కావాలి, మీరు నిల్ తనిఖీ చేర్చాక పాస్ కావాలి. అప్పుడే సమీక్షకులకు నమ్మకం కుదురుతుంది. దారిలో కనబడిన ఇతర లోపాలను ఇదే మార్పులో కలపవద్దు.

కొత్తవారు తరచుగా మరిచేది సంతకం. మార్పును నమోదు చేసేటప్పుడు ‘గిట్ కమిట్ -ఎస్’ (git commit -s, చిన్న ఎస్) అని ఇస్తే ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుస మీ పేరు, ఈమెయిలుతో కమిట్ సందేశం చివర చేరుతుంది. ఆ కోడ్‌ను ఇచ్చే హక్కు మీకుందనడానికి అదే హామీ. అది లేకుండా మార్పును విలీనం చేయరు. మరిచినట్లయితే ‘గిట్ కమిట్ --అమెండ్ -ఎస్’ (git commit --amend -s)తో సరిదిద్ది, మీ బ్రాంచిని ఫోర్స్ పుష్ చేయండి, అంటే ముందు పంపినదాని స్థానంలో కొత్తదాన్ని పంపండి.

పాత విడుదలకూ ఆ సవరణ అవసరమైతే, మాస్టర్‌లో చేరిన తరువాతే ఒక్క కమిట్‌ను మరో బ్రాంచికి నకలు చేసే ‘గిట్ చెర్రీ-పిక్ -ఎస్ -ఎక్స్’ (git cherry-pick -s -x)తో ఆ విడుదల బ్రాంచికి తీసుకువెళ్లాలి, ‘-ఎక్స్’ వల్ల అసలు కమిట్ సంఖ్య సందేశంలో నిలిచిపోతుంది.