కాంప్లెక్స్ ఎంత స్టేబులో ఎట్లా చెప్పాల?
మెటల్ అయాన్ చుట్టూ వేరే అణువులో అయాన్లో అతుక్కునుంటే అది కాంప్లెక్స్, ఆ అతుక్కునేది లైగండ్. ఎగ్జామ్‌లో రెండు కాంప్లెక్సులిచ్చి ఏది స్టేబుల్ అంటే ఫస్టు లైగండ్‌ను చూడు, మెటల్‌ను ఒక్క చేత్తో పట్టుకుంటాందా, రెండు మూడు చేతులతోనా అని. నికెల్‌కు ఆరు అమ్మోనియాలు తగిలిస్తే లాగ్ బీటా (ఇది ఎంత పెద్దదైతే కాంప్లెక్స్ అంత స్టేబుల్) 8.6 దగ్గర, అదే రెండేసి చేతులున్న ఇథిలీన్ డయమీన్లు మూడు పెడితే 18 దాటుతుంది, రెండిట్లోనూ పట్టుకునేది ఆరు నైట్రోజన్లే కదా! ఒకే లైగండ్ ఒకటి కంటే ఎక్కువ చేతులతో పట్టుకుంటే దాన్ని కీలేట్ అంటారు, దాని బలం ఇదే.

తర్వాత మెటల్. ఛార్జి ఎక్కువ, సైజు చిన్నది అయితే పట్టు ఎక్కువ. టూ ప్లస్ అయాన్లలో మాంగనీస్, ఐరన్, కోబాల్ట్, నికెల్, కాపర్ అట్ల పెరుగుతా పోయి జింక్ దగ్గర పడిపోతుంది, ఇది బట్టీ కొట్టేయ్, తప్పదు. ఇంకా హార్డ్‌కు (చిన్నగా, ఎలక్ట్రాన్ మబ్బు సులభంగా సాగనివి) హార్డ్, సాఫ్ట్‌కు (పెద్దగా, మబ్బు సులభంగా సాగేవి) సాఫ్ట్: ఫెర్రిక్‌కు ఫ్లోరైడ్, మెర్క్యురీకి అయోడైడ్.

నమ్మకం లేకుంటే మా అనంతపురం బోరు నీళ్లు ల్యాబుకు తెచ్చుకో, గిన్నెకు తెల్లగా పొర కట్టే నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఉండేవి. పీహెచ్ 10 బఫరు, ఎరియోక్రోమ్ బ్లాక్ టీ అనే రంగు మారే ఇండికేటర్ వేస్తే వైన్ రెడ్, ఆరు చేతుల లైగండ్ ఈడీటీఏను చుక్క చుక్క వదిల్తే చివర్న నీలం, అంటే ఇండికేటర్ చేతిలోని మెగ్నీషియాన్ని ఈడీటీఏ గుంజుకునిందన్నమాట. నేనొకసారి బఫరు మర్చిపోయి బ్యూరెట్ మొత్తం ఖాళీ చేసినా నీలం రాలేదు, పీహెచ్ తగ్గితే ప్రోటాన్లొచ్చి లైగండ్ చేతులు పట్టేసుకుంటాయి మరి.