సొంతంగా ఛందస్సు – 4వ పాఠం: హగణం నడక

గురులఘువులు (ఒక మాత్ర కాలంలో పలికే అక్షరం లఘువు, రెండు మాత్రలు పట్టేది గురువు) గుర్తుపట్టడం కిందటి పాఠంతో అయిపోయింది. ఇక వాటిని జతకట్టి నడిపించాలి. గురువు తర్వాత లఘువు వస్తే హగణం. గలం అన్నా అదే. గ్రీకు ఛందస్సులో దీన్ని ట్రోకీ అంటారు. గ్రీకులదీ మనలాగే అక్షరం పలికే కాలాన్ని బట్టి వేసే లెక్క. ఇంగ్లీషు కవులు పేరు ఉంచుకుని లెక్క మార్చారు: ముందు ఊనిక ఉన్న అక్షరం, వెనక ఊనిక లేనిది. 1855లో అమెరికా కవి లాంగ్‌ఫెలో అచ్చువేసిన హయవాథా కావ్యం పాదానికి నాలుగు ట్రోకీలతో సాగుతుంది. అంత దూరం వెళ్లే ఓపిక లేకపోతే గుంతకల్లులో కడప రైలెక్కండి. స్టేషన్ల బోర్డులే పాఠం చెబుతాయి.

గుంత-కల్లు, గుత్తి, తాడి-పత్రి, ముద్ద-నూరు, ఎర్ర-గుంట్ల. అన్నీ హగణాలే. సున్నతో ‘గుం’, ద్విత్వానికి ముందున్న ‘క’, సంయుక్తానికి ముందున్న ‘ప’, దీర్ఘంతో ‘తా’: గురువు ఎలా అవుతుందో ఈ నాలుగూ చూపిస్తాయి. కొండాపురం మాత్రం మాట వినదు; ‘కొం’ తర్వాత ‘డా’ కూడా గురువే. రాయలచెరువు మరీ పేచీకోరు: ‘రాయ’ హగణం, ‘లచెరు’ నగణం, మిగిలిన ‘వు’కు దిక్కు లేదు.

ఆటవెలది రెండో పాదానికీ నాలుగో పాదానికీ ఐదేసి సూర్యగణాలు కావాలి. సూర్యగణాలు రెండే: హగణం, మూడు లఘువుల నగణం. రెండూ మూడేసి మాత్రలే కాబట్టి ఒకదాని చోట మరొకటి వేసినా తాళం తప్పదు. అయితే,

గుంతకల్లు గుత్తి తాడిపత్రి

ఐదు హగణాలు సరిపోయాయి, అయినా పాదం కాలేదు. నాలుగో గణం మొదటి అక్షరం ‘తా’కు పాదం మొదటి ‘గుం’తో యతి (ఈ రెండు అక్షరాలకూ ఉండాల్సిన ధ్వని పొత్తు) కుదరదు. ఇలా మార్చండి:

గుంతకల్లు విడిచి గుత్తి చేరి

‘గుం’, ‘గు’ కలిశాయి. (గణాలు విడదీసి చదివేటప్పుడు ‘కల్లు విడిచి’ అని వినిపిస్తే నవ్వుకోండి, గణాలకు అర్థంతో పని లేదు.) మరొకటి:

ముద్దనూరు దాటి మురిసె రైలు

మూడు హగణాలు, ఒక నగణం, మళ్లీ హగణం. వేమన మకుటం ‘విశ్వదాభిరామ వినురవేమ’ అచ్చంగా ఈ నడకే. ఐదూ హగణాలైతే ఊపు బాగానే ఉంటుంది గాని నాలుగు పద్యాలు దాటేసరికి చెవి విసుగుతుంది. ఒక్క నగణం పడితే నడక తేలికవుతుంది. యతి ఉన్న నాలుగో చోటే దానికి తగినదని నా చెవి తీర్పు. మీ చెవి వేరేలా చెబితే దాన్నే నమ్మండి.

అభ్యాసం: కడప, నంద్యాల, ఉరవకొండ, ప్రొద్దుటూరు, పెనుకొండ, తుంగభద్ర. వీటిలో రెండు సూర్యగణాలకు లొంగవు. అవేవో తేల్చి, మిగిలినవాటిలో ఒకదానితో యతి కుదిరేలా ఒక పాదం కట్టండి. ఆ రెండింటి సంగతి ఇంద్రగణాల పాఠంలో, వచ్చే వారం.